మగోళ్ల వేడి

నా మొగునికి ఏటేటా ఎండాకాలం వేడి చేస్తాండె. ఈ మాట మా పేటలో ఎవరి ముందరన్నా అనొచ్చు, సిగ్గేం లేదు. అంటే తలా ఒక వైద్యం చెప్తారు. సబ్జా గింజలు నానబెట్టి తాపమంటారు, రాగి అంబలిలో మజ్జిగ పోసి తాపమంటారు, బొడ్డులో ఆముదం వేయమంటారు. పెండ్లయిన కొత్తలో ఆయప్ప పంచె ఎత్తి పట్టుకుని కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తాంటే నేను బెదిరిపోయినా. మా అత్త జీవమ్మ నవ్వింది.

"మగోళ్లకు వేడి చేస్తే పంచె కింద ఆడ నాలుగు పొక్కులు లేస్తాయి లేమ్మే. వెన్న పూస్తే వారానికి మాడిపోతాయి" అని గిన్నెలోంచి వెన్న ముద్ద తీసి నా చేతికిచ్చింది. పెండ్లాన్ని గదా, నేనే పూసినా. ఏటేటా పూసినా.

నాలుగో యేడు అవే పొక్కులు నాకు లేచినాయి. దాంతో దాని పేరు మారిపాయ.

అది ఎనభై రెండో సంవత్సరం. మా పేట ఆళ్లగడ్డకు దగ్గరే, నడిచి పోయేంత దూరం. నా మొగుడు కరుణాకర్ చర్చి బడిలో పిల్లోళ్లకు చదువు చెప్తాండె, ఆదివారం చర్చిలో వాక్యం చదువుతాండె. ఆ యేడు ఆయప్పను ఉపదేశిని చేస్తామని సంఘం పెద్దలు మాటిచ్చినారు. పాస్టరు అయ్యగారు నెలకొకసారి వచ్చి రొట్టె, ద్రాక్షరసం సంస్కారం ఇచ్చి పోతాడు. మిగతా ఆదివారాలన్నీ చర్చి నడిపేది, పెండ్లికీ సావుకీ ముందర నిలబడేది ఉపదేశే. ఊర్లో ఆ మర్యాదే వేరు. మా ఆయప్ప అప్పుడే నడక మార్చినాడు, చొక్కా మెడ కాడి గుండీ కూడా పెట్టుకోను మొదలుపెట్టినాడు.

నేను నంద్యాలలో కుట్టుపని నేర్చుకుంటాంటి. సోమవారం పొద్దున ఎర్ర బస్సెక్కి పోతే శనివారం సందెకు వస్తాంటి. మా పెద్దమ్మ కృపమ్మ నంద్యాలలో రైసుమిల్లు పక్క సందులో ఉండె, ఆయమ్మింట్లోనే నా పడక. జాకెట్లు బాగా కుడతావే పిల్లా అని మా టీచరు మెచ్చుకుంటాండె. ఇంటికొక మిషను తెచ్చుకోవల్ల, దాని ముందర దర్జాగా కూర్చోవల్ల అని నా ఆశ. అంతకు మించి నేను ఎవర్నీ ఏదీ అడగల్యా.

ఒక శనివారం బస్సులోనే జరమొచ్చింది. ఇల్లు చేరేసరికి గజ్జల్లో బిళ్లలు కట్టినాయి. ఆదివారం చర్చికి పోయే ముందర మూత్రానికి కూర్చుంటే ఆడ కారం చల్లినట్ల మంట. కేక పెట్టకుండా కొంగు నోట్లో కుక్కుకున్నా. చెయ్యి పెట్టి చూసుకుంటే గుంపుగా పొక్కులు, నీళ్లు నిండి, కొన్ని అప్పటికే పగిలి పుండ్లయినాయి.

మా అత్తకు చెప్పినా. "వేడే" అనింది. వెన్నిచ్చింది. అంబలి తాపింది. మూడో నాటికి నేను నడవలేకపోయినా, కూర్చోలేకపోయినా. మూత్రం పోసుకోవాలంటే భయమై నీళ్లు తాగడం మానేసినా.

అప్పుడు మా పేట పక్కన సూది వేసే డాక్టరు ఒకాయన ఉండె. పట్నంలో ఎవరి కాడనో కాంపౌండరుగా చేసి వచ్చి డాక్టరు బోర్డు కట్టుకున్నాడు. ఏ రోగమైనా ఒకటే సూది. నాకూ పొడిచినాడు. పొడిచి, నా మొగున్ని తెర వెనక్కి పిలిచి పంచె విప్పమన్నాడు. చూసి బయటికొచ్చి, నా ముందరే, చెయ్యి కడుక్కుంటా చెప్పినాడు.

"నీకేం లేదప్పా. ఒక్క మచ్చ లేదు. ఈయమ్మకుండేది సుఖరోగం. నీ కాడ లేనిది ఈయమ్మకు యాడి నుంచి వచ్చెనో నువ్వే కనుక్కో."

సుఖరోగమంట! ఆ పేరు పెట్టినోన్ని తెచ్చి నా మంట ఒక్క పూట వాని ఒంటికి అంటిస్తే తెలుస్తాది ఏం సుఖమో.

సూది డాక్టరు పెండ్లాం మా చర్చి స్త్రీల సమాజంలో ఉండె. సందె దీపాలు పెట్టే యాలకు పేటంతా పాకిపోయింది. వారం వారం నంద్యాల పోతాంది గదా, కుట్టు నేర్చుకుంటాందంట కుట్టు, అని బాయి కాడ నవ్వుకున్నారు. బస్సు కండక్టరని ఒకరన్నారు, మిల్లులో గుమాస్తా అని ఒకరన్నారు. నా మొగుడు నన్ను కొట్టల్యా. మంచం తీసి బయట వేసుకున్నాడు, అంతే.

"ఏమప్పో, నీకు లేచినప్పుడు నేను వెన్న పూసినా గదా. అవే గదా ఇవి?" అన్నా.

"అది వేడి. ఇది రోగం" అన్నాడు. మొగం నా వైపు తిప్పల్యా.

మా పెద్దమ్మకు సంగతి తెలిసి మనిషిని పంపింది. నంద్యాలలో ఉమామహేశ్వరమ్మ అని పెద్ద చదువు చదివిన డాక్టరమ్మ ఉంది, మొగుడూ పెండ్లాలు ఇద్దరూ రండి, ఆయమ్మ చెప్పిందే నిజం అని. కరుణాకర్ యెంటనే ఒప్పుకున్నాడు. పెద్ద డాక్టరు నోటితో కూడా తనకేం లేదనిపించుకుంటే సంఘంలో ఇంగ అడిగేటోడుండడని ఆయప్ప లెక్క.

డాక్టరమ్మది రుద్రవరం దిక్కు పెద్ద సేద్యగాళ్ల కుటుంబం. ఎంత చదివినా మాట మాత్రం మన మాటే, మొగం మీద కొట్టినట్ల ఉంటాది. నన్ను పండబెట్టి చూసింది. చూసేటప్పుడు "పాపం పిల్లా, ఇంత మంటతో బస్సులో ఎట్లొస్తివే" అనింది. ఆ ఒక్క మాటకే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అన్ని దినాల్లో నొప్పి గురించి అడిగింది ఆయమ్మ ఒక్కతే. తక్కినోళ్లంతా పేరు అడిగినోళ్లే.

నా మొగున్ని లోపలికి పిలిచింది.

"నీకెప్పుడన్నా ఇట్లాంటి పొక్కులు లేచినాయా అప్పా?"

"నాకే రోగమూ లేదు మేడం. సూది డాక్టరు చూసినాడు."

"రోగం అడగల్యా. పొక్కులు అడుగుతాండా."

"అవా? ఎండాకాలం వేడికి లేస్తాయి మేడం. మగోళ్లకు లేచేటివే."

"గుంపుగా లేచి, నీళ్లు పట్టి, పగిలి, వారం పది దినాలకు మానిపోతాయి. మళ్లా లేస్తే ఇంచుమించు ఆ చోటే లేస్తాయి. లేచే ముందర నాడు ఆడ చిమచిమమంటాది. అవునా?"

"అవును మేడం! మీకెట్ల తెలిసె?" సోదె చెప్పేయమ్మ ముందర కూర్చున్నట్ల సంబరపడినాడు పిచ్చోడు.

"అది వేడి కాదు నాయనా. హెర్పిస్ అంటారు. నీ పెండ్లానికి ఉండేదీ అదే. నీ నుంచి వచ్చింది."

ఆయప్ప మొగంలో నెత్తురు లేదు. "మరి సూది డాక్టరు చూస్తే నా ఒంటి మీద ఏమీ లేదు గదా" అన్నాడు.

"ఆ పొద్దు లేదు. పుండు మానితే రోగం పోయిందని కాదు. ఒకసారి చేరినాక నరాల్లో పోయి పండుకుంటాది. ఎండకో, జరానికో, అలుపుకో మళ్లా లేస్తాది. ఎండ దాన్ని లేపుతాదే గానీ పుట్టించదు. పుట్టేది మనిషి ఒంటి నుంచి మనిషి ఒంటికి, ఆడామగా కలయికలో. పుండ్లు ఉన్నప్పుడు శానా అంటుకుంటాది. పుండ్లు లేనప్పుడు గూడా ఒక్కోసారి అంటుకుంటాది. తమకుందని తెలీకుండానే బతికేటోళ్లు లెక్కలేనంత మంది."

"అయితే ఇన్నేండ్లు నాకెందుకు రాల్యా మేడం?" అని నేను అడిగినా.

"అంటుకున్న యెంటనే అందరికీ లేవదు. కొందరికి లోపల్నే ఉండి ఎప్పుడో లేస్తాది. ఇప్పుడు లేచింది గాబట్టి ఇప్పుడే అంటిందని ఎవరూ చెప్పలేరు. ఎవరికి ముందర కనపడితే వాళ్లదే తప్పు అనేది తలకాయ లేని మాట."

ఆ సూది దీనికి పనికిరాదనింది. దీన్ని మొత్తానికి పోగొట్టే మందు లేదనింది, ఉంటే ఇచ్చేదాన్ని అనింది. ఉప్పునీళ్లతో కడుక్కొమ్మనింది, వదులు గుడ్డ కట్టుకొమ్మనింది, పుండు ముట్టుకుంటే సబ్బుతో చెయ్యి కడుక్కొమ్మనింది. మొదటిసారి వచ్చిందే గట్టిది, తర్వాత తర్వాత తగ్గుతా పోతాదంట. చిమచిమ మొదలైన కాడి నుంచి పుండు పూర్తిగా మానేదాకా ఎడంగా పండుకోండి, తక్కిన దినాల్లో మగోళ్లు తొడుక్కునే నిరోధు వాడండి, దాంతో తగ్గుతాదే గానీ అసలు అంటదని అనుకోవద్దండి అనింది. కడుపొస్తే కాన్పుకు ముందరే డాక్టరుకు చెప్పవల్ల, ఆ యాలకు పుండ్లుంటే బిడ్డకు ప్రమాదం. వెన్న మాట చెప్తే నెత్తి కొట్టుకునింది. "తినేదాన్ని తీసుకపోయి ఆడ పూస్తిరా, ఇంకా నయం, కారం పూయల్యా!"

"పళ్లెంలో తింటే వస్తాదా మేడం? గిన్నెలో తాగితే?" మా ఆయప్ప అడిగినాడు. ఆయప్పకు అప్పుడే సంస్కారం గిన్నె గుర్తొచ్చింది కాబోలు.

"రాదు. పళ్లెంలో రాదు, గిన్నెలో రాదు, గుడ్డలతో రాదు, దొడ్డికి పోయే చోట రాదు. కారణం వెతుక్కోవద్దు నాయనా. కారణం నువ్వే."

తిరుగు బస్సు శిరివెళ్ల దాటేదాకా ఆయప్ప టికెట్టు మడతపెడతా ఉండె. నాకు మాత్రం గుండె మీద నుంచి బండ దిగినట్లుండె. పుండు మంట అట్లనే ఉంది, గానీ ఇంగ నా మీద నింద లేదు గదా, ఊర్లో నిజం చెప్పేది మొగుడే గదా, ఇంగ భయమేమి అనుకున్నా. ఎంత తిక్కదాన్ని!

"ఎవరామె?" అని అడిగినా.

"పెండ్లికి ముందర. టీచరు ట్రైనింగప్పుడు. ఒకేసారి."

"ఒకేసారా?"

"ఎన్నిసార్లయితే ఏముంది ఇప్పుడు?" అని కసిరినాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "లూదియా, డాక్టరమ్మ మాట యాడా అనొద్దు. నన్ను ఉపదేశిని చేసేదాకా ఓర్చుకో" అన్నాడు.

"నన్ను లంజ అంటాండారప్పా ఊర్లో."

"నిన్ను రెండు నెలలంటారు, మర్చిపోతారు. నన్నంటే నా బతుకే పాయ" అని కిటికీలోంచి బయటికి చూసుకుంటా కూర్చున్నాడు.

సంస్కారం ఆదివారం దగ్గరికొస్తాంది. సంఘం కమిటీ మా ఇంటి సంగతి మాట్లాడవల్లని కబురొచ్చింది. ఆ పొద్దు మా అత్త పెరట్లో బోకులు తోముతాంది. పక్కన కూర్చుని డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పినా. నీ కొడుకు డాక్టరమ్మ ముందర ఒప్పుకున్నాడత్తా అని గూడా చెప్పినా. ఆయమ్మ తోమడం ఆపల్యా.

"డాక్టర్లకేం తెలుసు? నాకూ లేస్తాయి" అనింది.

నాకు అర్థం కాల్యా. "ఏం లేస్తాయత్తా?"

"అవే. కరుణాకర్ పుట్టకముందు నుంచి లేస్తాండాయి. మీ మామకూ లేస్తాండె. ఇది మనింటి వేడి. నేను సచ్చిపోయినానా? బతకల్యా?"

"అది వేడి కాదత్తా. మామ నుంచి నీకొచ్చింది. నువ్వూ డాక్టరమ్మ కాడికి రా, నేను తోడొస్తా."

"నోర్ముయ్" అనింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, బూడిద చేతితోనే, శానా మెత్తగా చెప్పింది. "పిల్లా, నా మాట విను. వాళ్లు ఏమడిగితే దానికి అవును అను. తల వంచుకుని ఒక్క మాట ఒప్పుకుంటే ఇల్లు నిలబడతాది, మొగుడు నిలబడతాడు. నోటి మాటే గదా, ఒళ్లేమన్నా అరుగుతాదా?"

కొడుకు కోసం అంటాంది అనుకున్నా. చెయ్యి విడిపించుకుని లోపలికొచ్చినా.

కమిటీ చర్చిలోనే కూర్చునింది. అయ్యగారు కుర్చీలో, పెద్దలు బెంచీల మీద. నేనూ మా అత్తా కింద చాప మీద. నా మొగునికి బెంచీ మీద చోటిచ్చినారు. పెద్దల్లో పెద్ద సుందరరాజు, చెనిక్కాయల వ్యాపారం చేస్తాండె, ఆయన మాటంటే మాటే. ఆయనే మొదలుపెట్టినాడు.

"అయ్యగారూ, మన సంస్కారం గిన్నె ఒకటే. అందరం నోరు పెట్టేది దాంట్లోనే. ఈ పిల్లను సంస్కారం బల్ల కాడికి రానిస్తే రేపు సంఘమంతా రోగమే."

"గిన్నెతో రాదు. డాక్టరమ్మ చెప్పింది" అన్నా. "అది ఒంటి నుంచి ఒంటికి వచ్చేది. నాకు నా మొగుని నుంచి వచ్చింది. ఆయప్పకు ఏటా లేస్తాయి. ఆయప్ప తాగిన గిన్నెలోనే మీరందరూ ఇన్నేండ్లు తాగినారు, మీకేమన్నా వచ్చెనా?"

పెద్దలు గుసగుసలాడినారు. అయ్యగారు గొంతు సవరించుకుని, "కరుణాకర్, దేవుని ఇంట్లో ఉండావు. చెప్పు. నీకు ఈ రోగం ఉందా?" అని అడిగినాడు.

నేను ఆయప్ప మొగమే చూస్తాండా. నా బతుకంతా ఆ నోట్లో ఉండె. ఉంది అయ్యగారూ అంటే చాలు, ఉపదేశి పని పోయినా నేను కూలికి పోయన్నా సాకుదును ఆయప్పను. అది ఒట్టు.

"లేదయ్యగారూ" అన్నాడు. "డాక్టరు చూసినాడు. ఒక్క మచ్చ లేదు." ఏ డాక్టరో చెప్పల్యా.

అయ్యగారు మా అత్త వైపు తిరిగినాడు. "జీవమ్మా, నువ్వు భక్తి గలదానివి. నీ కొడుకు ఒళ్లు నీకు తెలీకుండా పోదు. నువ్వు చెప్పు."

"నా కొడుక్కు వేడి తప్ప ఏ రోగమూ లేదయ్యా" అనింది మా అత్త.

"ఎండాకాలం వేడి ఎవరికి ల్యా?" సుందరరాజు నవ్వినాడు. ఇంకో పెద్దాయన గూడా "మాకు లేవవా ఏంది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు మాత్రం నవ్వకుండా తలకాయలు వంచుకున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం! మా అత్త మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నీకు లేవవా అత్తా, చెప్పు ఈళ్లకు అని అరుద్దామనుకున్నా. ఆయమ్మ చాప పుల్లలు గీకుతా కూర్చునింది. ముసల్దాన్ని నలుగురు మగోళ్ల ముందర ఇప్పి నిలబెట్టను నాకు మనసొప్పల్యా. మింగినా.

తీర్పు చెప్పినారు. వచ్చే సంస్కారం ఆదివారం నేను సంఘం ముందర నిలబడి పరాయి మొగోనితో తప్పు చేసినానని ఒప్పుకోవల్ల. ఒప్పుకుంటే ఆరు నెలలు బల్లకు దూరం పెట్టి మళ్లా చేర్చుకుంటారు, నా మొగుడూ నన్ను ఏలుకుంటాడు. ఒప్పుకోకుంటే సంఘమూ లేదు, ఇల్లూ లేదు. "కరుణాకర్ క్షమిస్తానంటాండాడు. ఎవరికుంటాదమ్మా అంత మనసు?" అన్నాడు అయ్యగారు. ఆయన కండ్లలో నీళ్లు గూడా తిరిగినాయి. నా మొగుడు చేతులు కట్టుకుని నేలను చూస్తాండె.

ఆ ఆదివారం చర్చి నిండిపోయింది. పండగలకు రానోళ్లు గూడా వచ్చినారు. ఆడోళ్లు ఒక పక్క చాపల మీద, మగోళ్లు ఒక పక్క. నా మొగుడు వాక్యం చదివినాడు, గొంతు కూడా వణకల్యా. తర్వాత అయ్యగారు నన్ను ముందరికి పిలిచినాడు.

ఒప్పుకుందామనే పోయినా, అబద్ధమెందుకు. తెల్లవారిందాకా అదే అనుకున్నా. పెద్దమ్మ ఎన్నాళ్లు పెడతాది, చేతిలో పని ఇంకా పూర్తిగా రాల్యా, ఒక్క మాట అనేస్తే పోతాది అనుకున్నా. ముందరికి పోయి ఆడోళ్ల వైపు తిరిగినా. ఇంటింటి ఆడదీ కనపడింది. వేడికి అంబలి కాచేటోళ్లు, వెన్న దాచిపెట్టేటోళ్లు. చంకలో బిడ్డల్ని పెట్టుకుని నా నోటి దిక్కే చూస్తాండారు.

"నేను పరాయి మొగోన్ని ముట్టల్యా" అన్నా. "నాకు రోగముంది. నా మొగుని నుంచి వచ్చింది. అక్కల్లారా, మీ ఇండ్లల్లో మగోళ్లకు ఆడ పొక్కులు లేస్తే అది వేడి కాదు. హెర్పిస్ అనే రోగం కావొచ్చు. డాక్టరుకు చూపించుకోండి. అవి మానేదాకా పక్కలో పండుకోవద్దండి. మీకు మంట పుట్టి పొక్కులు లేస్తే..."

"పాట! పాట ఎత్తుకోండి!" అని అయ్యగారు అరిచినాడు. మగోళ్ల వైపు నుంచి పాట లేచింది, ఎప్పుడూ లేనంత గట్టిగా. సుందరరాజు లేచి తాళాలు కొట్టినాడు. నేను చెప్తానే ఉండా. మీదే తప్పనుకోవద్దండి అని, సిగ్గుపడి దాచుకోవద్దండి అని, కాన్పప్పుడు చెప్పండి అని. నా మాట నాకే ఇనపడల్యా. ఆడోళ్లు కొందరు తల వంచుకుని పాటలో కలిసినారు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. నా మొగుడు పుస్తకం పట్టుకుని అందరికంటే ముందర పాడుతాండాడు.

బయటికొచ్చేసినా. ఇంటికి గూడా పోల్యా. కట్టుబట్టలతో దావ పట్టి ఆళ్లగడ్డ పోయి నంద్యాల బస్సెక్కినా.

పుండ్లు మానినాయి. మా పెద్దమ్మ ఏమీ అడగల్యా, మూలకు పడిన పాత మిషను ఎవరింట్లోనో ఉంటే అడిగి తెచ్చి పెట్టింది. కుట్టుకుంటా కూర్చున్నా. కోపం మాత్రం మానల్యా. పొద్దున లేస్తానే ఆ పాట చెవుల్లో మోగేది. ఏ పాటో చెప్పను, పాటదేం తప్పు.

తొలకరి వాన పడినాక ఒక పొద్దు మా అత్త వచ్చింది. గుమ్మంలో నిలబడింది, కాళ్లు ఎడంగా పెట్టి. చూస్తానే తెలిసింది నాకు.

"నీ డాక్టరమ్మ కాడికి తోడొస్తావా?" అనింది.

పొమ్మందామనుకున్నా. నోటిదాకా వచ్చింది. మళ్లా ఆ నడక చూసి చెప్పులేసుకున్నా.

డాక్టరమ్మ అన్నీ అడిగి చూసింది. నాకు చెప్పిందే ఆయమ్మకూ చెప్పింది. మా అత్త అన్నీ ఇని ఒకటే అడిగింది.

"మొగుడు సచ్చి ఆరేండ్లాయ. ఇంగా లేస్తాదా?"

"లేస్తాదమ్మా. ఒకసారి చేరితే ఉంటాది. ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు, దానంతట అదే లేస్తాది. మీ ఆయన తప్ప వేరే మనిషి లేడంటివి గదా, అయితే ఆయన నుంచి వచ్చిందే. నీ తప్పేం లేదు."

మా అత్త బస్టాండు దాకా పక్కనే నడిచింది, బెంచీ మీద కూర్చునింది. ఆళ్లగడ్డ బస్సు ఇంకా రాల్యా.

"నేను ఒప్పుకుంటి లూదియా."

"ఏంది ఒప్పుకునింది?"

"పెండ్లయిన యేడు. మొదటిసారి లేచినప్పుడు. మన చర్చిలోనే, అప్పుడు మట్టి గోడలు. మీ మామ నిలబెట్టె. ఎవరితో చేస్తివి అనిరి. ఎవరి పేరు చెప్పేది? ఎవరి పేరు చెప్పినా వాని ఇల్లు పోతాది గదా. ఎవరో గొర్లు తోలుకుని వచ్చినోడు, పేరు తెల్దు అని చెప్తి. అందరూ ఆమేన్ అనిరి. సచ్చేదాకా మీ మామ నన్ను క్షమించి ఏలుకున్నానని పదిమందిలో చెప్పుకుంటాండె. బువ్వ పెట్టేటప్పుడు గూడా చెప్తాండె. నాకు ఆ గొర్లోడు నిజంగానే ఉన్నట్లు అయిపాయ. వాని కోసం ఎన్ని ప్రార్థనలు చేస్తినో. పొక్కు లేచినప్పుడల్లా దేవుడు గుర్తు చేస్తాండాడు అనుకుంటి."

నాకు జాలి వచ్చింది. దాని ఎనకనే కోపం గూడా వచ్చింది.

"ఇంత అనుభవించి, ఆ పొద్దు కమిటీలో నా కోసం ఒక్క మాట చెప్పలేకపోతివా అత్తా?"

మా అత్త నా కండ్లలోకి చూసింది. అట్ల చూడడం అదే మొదటిసారి.

"చెప్పబుద్ధి కాల్యా. నేను ఒప్పుకుంటి గదా, ఇదెవత్తి ఒప్పుకోకుండా పోయేది అనిపించె. నువ్వు అందరి ముందర నేను చేయలేదు అంటివి చూడు, ఆ పొద్దు నీ మీద వచ్చినంత కోపం నాకు మీ మామ మీద గూడా ఎప్పుడూ రాల్యా."

ఆళ్లగడ్డ బస్సొచ్చింది. జనం ఎగబడతాండారు. "ఈడనే ఉండిపో అత్తా. పెద్దమ్మ ఏమీ అనదు, ఇద్దరం కుట్టుకుని బతుకుదాం" అన్నా. మనసులో నుంచే అన్నా, అంత కోపంలో గూడా.

ఆయమ్మ చెంగు నడుముకు దోపుకుని లేచింది.

"ఈ ఆదివారం కరుణాకర్ ఉపదేశిగా మొదటి వాక్యం చెప్తాడు. క్షమాపణ మీద చెప్తాడంట" అనింది. "తల్లి పోకుంటే బాగుండదు" అని బస్సెక్కింది.